కీమో డోసు లెక్క ఎవరు చూస్తున్నారు? క్యాన్సర్ ఆస్పత్రికి సాఫ్ట్‌వేర్ కొనేముందు తేల్చుకోవాల్సిన విషయాలు

క్యాన్సర్ ఆస్పత్రి ఓపీ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. చాలామంది చేతిలో బట్టల షాపు కవరు కనిపిస్తుంది. అందులో చీర ఉండదు. బయాప్సీ రిపోర్టు, పెట్ స్కాన్ సీడీ, మూడు నెలల బ్లడ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆరోగ్యశ్రీ కాగితాలు.. అన్నీ అందులోనే. ఆ కవరు బస్సులో మర్చిపోతే ట్రీట్‌మెంట్ చరిత్ర మొత్తం పోయినట్టే.

ఆ కవర్‌లో ఉన్నదంతా ఆస్పత్రి కంప్యూటర్‌లో ఓ పద్ధతి ప్రకారం ఉంటే దాన్నే ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్ అంటున్నారు. పొట్టిగా ఈహెచ్‌ఆర్. కొన్ని ఆస్పత్రుల్లో ఈఎంఆర్ అని పిలుస్తారు. రెండింటికీ పుస్తకాల్లో తేడా ఉంది కానీ, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు మాత్రం రెండు మాటల్నీ కలిపేసే వాడుతున్నారు.

ఇప్పుడు ఈ విషయం ఎందుకంటారా? దేశంలోని జిల్లా ఆస్పత్రులన్నింటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని, 2025-26లోనే 200 సెంటర్లు వస్తాయని కేంద్రం 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది. అంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో డాక్టర్ ప్లాన్ రాస్తారు, సొంత జిల్లాలో నర్సు కీమో ఎక్కిస్తుంది. పేషెంట్‌కి ప్రయాణం తగ్గుతుంది, మంచిదే. కానీ ఆ ప్లాన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తప్పుల్లేకుండా చేరాలి కదా? దాన్ని చేర్చేది ఈ సాఫ్ట్‌వేరే. సరైంది కొనకపోతే నష్టపోయేది కుర్చీలో కూర్చుని సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషి.

జనరల్ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ సరిపోదా?

జ్వరానికి రాసే చీటీ వేరు, కీమోకి రాసే చీటీ వేరు. పారాసెటమాల్ ఓ మాత్ర అటూఇటూ అయినా కొంప మునగదు. కీమో మందుల్లో పనిచేసే డోసుకీ, ప్రాణం తీసే డోసుకీ మధ్య ఎడం చాలా తక్కువ. పైగా ఒక్కరోజుతో అయిపోయేది కాదు. 21 రోజులకోసారి చొప్పున ఆరు సైకిల్స్, మధ్యలో కౌంట్ పడిపోతే వారం వాయిదా, నరాల తిమ్మిర్లు వస్తే డోసు తగ్గింపు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్, పదేళ్ల పాటు చెకప్‌లు. ఇదంతా ఒకే కథగా కనిపించాలి.

మామూలు హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా బిల్లింగ్ కోసం పుట్టినవి. గది అద్దె, ఫార్మసీ బిల్లు, ల్యాబ్ రసీదు.. ఇవి బాగానే ఇస్తాయి. ‘ఈ పేషెంట్‌కి ఇది ఎన్నో సైకిల్? పోయినసారి డోసు ఎందుకు తగ్గించారు?’ అని అడిగితే మాత్రం, నోట్స్ అనే ఖాళీ డబ్బాలో ఎవరో టైప్ చేసిన నాలుగు లైన్లు చూపిస్తాయి.

బోస్టన్‌లో 1994లో ఏం జరిగింది?

బెట్సీ లేమన్. అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్యంపై కాలమ్ రాసే జర్నలిస్టు. వయసు 39. రొమ్ము క్యాన్సర్‌కి ప్రపంచ ప్రసిద్ధి చెందిన డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చికిత్స తీసుకుంటున్నారు. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందును నాలుగు రోజుల్లో పంచి ఇవ్వాలి. కానీ నాలుగు రోజుల మొత్తం డోసును ఒక్కో రోజుకి ఇచ్చేశారు. అలా నాలుగు రోజులూ. అంటే ఇవ్వాల్సిన దానికి నాలుగింతలు. 1994 డిసెంబర్ 3న ఆమె చనిపోయారు. అదే తప్పు మరో మహిళకీ జరిగింది.

ఇందులో ఇంకో విషయం ఉంది. ఆ తప్పు బయటపడింది రెండు నెలల తర్వాత. కనిపెట్టింది డాక్టరో ఫార్మసిస్టో కాదు. పరిశోధన కోసం రికార్డులు చూసి డేటా ఎక్కిస్తున్న సిబ్బంది. కాగితం మీద అంకె అందరి కళ్ల ముందే ఉంది. దాన్ని ‘ఇది ఒక రోజుదా, నాలుగు రోజులదా?’ అని ఆపి అడిగినవాళ్లే లేరు. ఆ తర్వాతే అక్కడ కీమో ఆర్డర్లకు కంప్యూటర్ పద్ధతి, గరిష్ఠ డోసు దాటితే ఆపేసే ఏర్పాట్లు వచ్చాయి.

అందుకే క్యాన్సర్ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఎంపికలో మొదటి ప్రశ్న ఒక్కటే ఉండాలి. తప్పు డోసు రాస్తే ఇది ఆపుతుందా, లేక చక్కగా ప్రింట్ తీసి ఇస్తుందా?

డోసు లెక్క ఇలా ఉంటుంది

చాలా కీమో మందుల డోసు శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కేస్తారు. ఉదాహరణకు ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు ఉన్న మహిళ అనుకోండి. ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే దాదాపు 1.61 చదరపు మీటర్లు వస్తుంది. డాక్సోరుబిసిన్, అదే ఎర్రగా ఉండే ఇంజెక్షన్, చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలంటే మొత్తం 96 మిల్లీగ్రాములు.

మూడో సైకిల్‌కి ఆమె బరువు 52 కిలోలకు పడిపోయింది. తిండి సయించదు, వాంతులు.. కీమోలో ఇది మామూలే. ఇప్పుడు లెక్క 1.50 చదరపు మీటర్లు, డోసు 90 మిల్లీగ్రాములు. సాఫ్ట్‌వేర్ మొదటి సైకిల్ బరువునే ముందుకు లాక్కొస్తుంటే ఆమెకు ప్రతిసారీ ఎక్కువ డోసు వెళ్తూనే ఉంటుంది. ఆరు మిల్లీగ్రాములే కదా అనిపించొచ్చు. సరే, అదే 52ని తొందరలో 25 అని కొట్టారనుకోండి. డోసు 62కి పడిపోతుంది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే ‘పోయినసారి 54 ఉంది, ఇప్పుడు 25 అంటున్నారు, మళ్లీ తూచండి’ అని అక్కడే ఆపుతుంది. కొన్నింటికి ఆ తెలివి ఉండదు. అంకె వేశారు, గుణించాను, అంతే.

కార్బోప్లాటిన్ అనే మందుకైతే లెక్క కిడ్నీ పనితీరు మీద నడుస్తుంది. కిడ్నీ వడపోత రేటుకి 25 కలిపి, డాక్టర్ పెట్టుకున్న లక్ష్యం అంకెతో గుణిస్తారు. లక్ష్యం 5 అనుకుంటే, వడపోత రేటు 90 ఉన్నవారికి 575 మిల్లీగ్రాములు. 45 ఉన్నవారికి 350 మాత్రమే. ఆ వడపోత రేటు క్రియాటినిన్ రిపోర్టు నుంచి వస్తుంది. ఆ రిపోర్టు ల్యాబ్ నుంచి నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి పడుతోందా? లేక ఎవరో కాగితం చూసి టైప్ చేస్తున్నారా? ఒక్క దశాంశ బిందువు జరిగినా ఎంత తేడా వస్తుందో ఊహించుకోండి.

జీవితకాలం లెక్క కూడా ఉంది. ఇదే డాక్సోరుబిసిన్ గుండెను దెబ్బతీయగలదు. అందుకే జీవితం మొత్తంలో చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. గుండె జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ. నాలుగు సైకిల్స్‌తోనే 240 అయిపోతుంది. ఆరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టి, ఆమె వేరే ఊళ్లో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే? ఆ 240 సంగతి కొత్త డాక్టర్‌కి తెలియాలి. బయట తీసుకున్న పాత డోసును కూడా లెక్కలో కలిపే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. చాలా డెమోల్లో ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ‘అది కస్టమైజ్ చేయొచ్చు సార్’ అనే సమాధానం వస్తుంది. ఆ మాట విన్నారంటే ప్రస్తుతానికి అది లేదని అర్థం.

ప్రోటోకాల్‌లోనే తప్పుంటే?

ప్రతి క్యాన్సర్‌కీ ఏ మందు, ఎంత, ఏ రోజు, ఎన్ని గంటలు అనే పట్టీ ఉంటుంది. దాన్నే రెజిమెన్ లేదా ప్రోటోకాల్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో వాటిని ముందే ఎక్కించి పెడతారు. డాక్టర్ పేరు నొక్కితే చాలు, ఆరు సైకిల్స్ ఆర్డర్లూ వచ్చేస్తాయి. సౌకర్యమే. ప్రమాదం కూడా అక్కడే.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 2014 జూలై నుంచి 2015 జనవరి మధ్య ఇదే జరిగింది. రెండు పెద్ద ఆస్పత్రుల్లో పది మంది బ్లడ్ క్యాన్సర్ పేషెంట్లకు సైటారబిన్ అనే మందు రోజుకి రెండుసార్లు ఇవ్వాల్సి ఉండగా ఒక్కసారే ఇచ్చారు. కారణం.. రాసిపెట్టుకున్న ప్రోటోకాల్‌లో దొర్లిన పొరపాటు. ఒక మనిషి ఒక చీటీలో తప్పు రాస్తే ఒక పేషెంట్‌కి నష్టం. అదే తప్పు ప్రోటోకాల్‌లోకి ఎక్కితే దాన్ని వాడిన ప్రతిసారీ నష్టమే. ఆర్డర్ ‘పద్ధతి ప్రకారమే’ ఉంది కాబట్టి అనుమానమూ రాదు.

కాబట్టి ‘మా దగ్గర 500 రెజిమెన్లు రెడీగా ఉన్నాయి’ అని సేల్స్ మనిషి చెబితే మురిసిపోకండి. వాటిని ఎవరు రాశారు? ఎవరు సరిచూశారు? చివరిసారి ఎప్పుడు మార్చారు? మార్చే అధికారం ఎవరికుంది? ఇద్దరు డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు సంతకం లేకుండా ఒక్క అంకె కూడా మారకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో సాఫ్ట్‌వేర్‌లో చెరగని గుర్తుగా ఉండాలి. నిజానికి మీ ఆస్పత్రిలో తరచూ వాడేవి ఓ పాతికో ముప్పయ్యో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటీ మీ డాక్టర్లే కూర్చుని సరిచూసుకుంటే, ఆ 500 కంటే అదే మేలు.

పేర్ల గొడవ ఇంకోటి. ట్రాస్టుజుమాబ్, ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్.. రెండూ వేర్వేరు మందులు. మొదటిది సాధారణంగా మూడు వారాలకోసారి కిలోకి 6 మిల్లీగ్రాములు. రెండోది 3.6 మాత్రమే. జాబితాలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, చెయ్యి జారితే అయిపోయింది. విన్‌క్రిస్టిన్ సంగతి మరీ దారుణం. అది నరానికే ఇవ్వాలి. పొరపాటున వెన్నులోకి ఇస్తే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. విన్‌క్రిస్టిన్ ఆర్డర్‌లో ‘వెన్నులోకి’ అనే ఆప్షనే కనిపించకూడదు. డెమోలో ఇది తప్పక నొక్కి చూడండి.

హెచ్చరికలు ఎక్కువైనా కష్టమే. ప్రతి క్లిక్‌కీ ఓ ఎర్ర డబ్బా లేస్తుంటే వారం తిరక్కుండానే డాక్టర్లు చదవకుండా ఓకే కొట్టడం మొదలుపెడతారు. ప్రాణాపాయం ఉన్నచోట గట్టిగా ఆపాలి. మిగతావి పక్కన చిన్నగా చూపిస్తే చాలు.

డెమోలో మోసపోకుండా ఉండాలంటే..

అమెరికాలో ఇక్లినికల్‌వర్క్స్ అనే పెద్ద కంపెనీ 2017లో 155 మిలియన్ డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకుంది. అక్కడి న్యాయశాఖ ఆరోపణల్లో ఒకటి వినండి. సర్టిఫికేషన్ పరీక్షకు 16 మందుల కోడ్‌లు అవసరం. సాఫ్ట్‌వేర్ మొత్తం జాబితా నుంచి కోడ్‌లు తీసేలా చేయకుండా, ఆ 16 మాత్రమే లోపల రాసిపెట్టేసి పరీక్ష పాసయ్యారట. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. అంటే ప్రశ్నపత్రం ముందే తెలిస్తే ఏ సాఫ్ట్‌వేరైనా ఫస్ట్ క్లాసే.

కాబట్టి డెమోలో ప్రశ్నపత్రం మీదే అయ్యుండాలి. పేర్లు తీసేసి మీ ఆస్పత్రి పాత కేసుల్లోంచి నాలుగైదు చిక్కుముళ్లు పట్టుకెళ్లండి. కౌంట్ తగ్గి ‘వారం ఆగి రండమ్మా’ అని పంపేసిన పేషెంట్ ఒకరు. ఆ ఒక్క తేదీ జరిపితే మిగతా సైకిల్స్, ల్యాబ్ టెస్టులు, అపాయింట్‌మెంట్లు వాటంతటవే జరుగుతున్నాయా? తిమ్మిర్ల వల్ల డోసు 20 శాతం తగ్గించిన కేసు ఇంకోటి. తర్వాతి సైకిల్‌లో ఆ తగ్గింపు నిలబడుతోందా, మళ్లీ ఫుల్ డోసుకి ఎగబాకుతోందా? మూడు సైకిల్స్ బయట తీసుకుని నాలుగో దానికి మీ దగ్గరికొచ్చిన మనిషిని ఎలా ఎక్కిస్తారు? రిటుక్సిమాబ్ ఇవ్వాలి, కానీ హెపటైటిస్ బి రిపోర్టు రాలేదు. ఆర్డర్ ఆగుతుందా? ఇవి చేయించి చూస్తే ఓ గంటలో గుట్టు బయటపడుతుంది.

ఇంకో మాట. మౌస్ సేల్స్ మనిషి చేతిలో ఉండకూడదు. మీ కీమో వార్డు నర్సు చేతికివ్వండి. డాక్టర్లు, మేనేజ్‌మెంట్ కూర్చుని స్క్రీన్ల రంగులు చూసి సాఫ్ట్‌వేర్ కొనేస్తారు. రోజంతా దాంతో కుస్తీ పట్టేది నర్సులు, ఫార్మసిస్టులు. బెడ్ పక్కన పేషెంట్ చేతి పట్టీ మీది బార్‌కోడ్‌నీ, మందు బ్యాగు మీది బార్‌కోడ్‌నీ కలిపి స్కాన్ చేయాలంటే వైఫై అక్కడిదాకా రావాలి, స్కానర్ చార్జింగ్ నిలవాలి. రాకపోతే ఏం జరుగుతుందో తెలుసా? పేషెంట్ల బార్‌కోడ్‌లన్నీ ఓ కాగితం మీద అంటించుకుని నర్సుల బల్ల దగ్గరే స్కాన్ చేసేస్తారు. రికార్డులో అంతా పక్కాగా ఉంటుంది. అసలు పని మాత్రం జరగదు.

ఉచితంగా ఇస్తామంటే?

ప్రాక్టీస్ ఫ్యూజన్ అని అమెరికాలో డాక్టర్లకు చాలాకాలం ఉచితంగా ఇచ్చిన ఈహెచ్‌ఆర్ ఉండేది. ఓపియాయిడ్ నొప్పి మందులు తయారుచేసే ఓ కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని, ఆ మందులు ఎక్కువగా రాసేలా డాక్టర్ స్క్రీన్ మీద అలర్ట్‌లు పెట్టినట్టు తేలింది. 2020 జనవరిలో 145 మిలియన్ డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. డాక్టర్ అది వైద్య సలహా అనుకున్నారు. నిజానికి అది ప్రకటన.

క్యాన్సర్ మందుల్లో ఒక్క డోసే లక్ష దాటేవి ఉన్నాయి. అక్కడ ‘ఈ పేషెంట్‌కి ఫలానా మందు ఆలోచించండి’ అని స్క్రీన్ మీద వచ్చే ఒక్క లైన్ విలువ ఎంతో వేరే చెప్పాలా? సలహాల వెనుక మందుల కంపెనీ డబ్బు ఏదీ లేదని కంపెనీతో ఒప్పందంలో రాయించుకోండి. పేర్లు తీసేసిన పేషెంట్ల డేటాను ఎవరికైనా అమ్ముతారా అన్నదీ అందులోనే తేల్చండి. మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. డేటా పోతే జవాబు చెప్పాల్సినవాళ్లలో ఆస్పత్రి ముందుంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీదకి నెట్టేసి తప్పించుకోవడం కుదరదు.

‘ఆభాకి రెడీ’ అంటే ఏంటి?

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా నంబర్ దాని కిందే వస్తుంది. ఇప్పుడు ప్రతి బ్రోచర్ మీదా ‘ఆభా రెడీ’ అని ఉంటోంది. కానీ అందులో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఆభా నంబర్ సృష్టించడం, సరిచూడడం. రెండోది మీ ఆస్పత్రి రికార్డును, పేషెంట్ ఒప్పుకుంటే, బయటికి పంపగలగడం. మూడోది వేరే ఆస్పత్రి రికార్డును తెచ్చుకుని చదవగలగడం. మొదటి మెట్టు మాత్రమే ఎక్కి ‘రెడీ’ అనేవాళ్లుంటారు. పెద్దాస్పత్రిలో ప్లాన్, జిల్లాలో కీమో అన్న పద్ధతి నడవాలంటే రెండోదీ, మూడోదీ లేకుండా పని జరగదు.

పంపేది ఏ రూపంలో అన్నది కూడా అడగాలి. పీడీఎఫ్ పంపితే మనిషి చదవగలడు, సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకోలేదు. ఆ 240 మిల్లీగ్రాముల సంగతి పీడీఎఫ్ మూడో పేజీలో ఇరుక్కుపోతుంది. డేటాను సాఫ్ట్‌వేర్ల మధ్య మార్చుకునేందుకు ఫైర్ అనే ప్రమాణం ఉంది, డిజిటల్ మిషన్ కూడా దాన్నే వాడుతోంది. క్యాన్సర్ వివరాల కోసం దాని మీదే ఎమ్‌కోడ్ అనే పట్టీ 2020లో వచ్చింది. క్యాన్సర్ రకం, స్టేజి, ఇచ్చిన చికిత్స, జబ్బు తగ్గిందా పెరిగిందా.. ఇవన్నీ విడివిడి గళ్లలో ఉండాలన్నది దాని ఉద్దేశం. స్టేజిని నోట్స్‌లో టైప్ చేయించే సాఫ్ట్‌వేర్ అయితే రేపు రిజిస్ట్రీకి లెక్కలు పంపాలన్నా ఒక మనిషిని కూర్చోబెట్టి ఫైళ్లు తిరగేయించాలి.

రేడియేషన్ ఉన్న ఆస్పత్రులకు ఇంకో చిక్కు. ఆ మెషీన్లకు ఏరియా, మొజాయిక్ లాంటి సొంత సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. కీమో ఒక చోట, రేడియేషన్ మరో చోట ఉండి రెండూ మాట్లాడుకోకపోతే, రెండూ కలిపి ఇచ్చే కేసుల్లో ఇబ్బందే. రేడియేషన్ లేని చిన్న డే కేర్ సెంటర్ అయితే దానికోసం డబ్బు తగలేయక్కర్లేదు.

ఇక ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ. ఇక్కడ ప్యాకేజీ పేరు, ముందస్తు అనుమతి, రిపోర్టుల అప్‌లోడ్.. వీటి పోర్టల్ వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, పోర్టల్‌లో ఇంకోసారి కొట్టాల్సి వస్తే సిబ్బంది పోర్టల్‌నే పట్టించుకుంటారు, ఎందుకంటే డబ్బులు వచ్చేది అక్కణ్నుంచి. పేషెంట్ రికార్డు సగంలో ఆగిపోతుంది. అమెరికాలో పేరుమోసిన సాఫ్ట్‌వేర్‌కి ఈ బాధ తెలియదు, దానికి తెలిసింది అక్కడి ఇన్సూరెన్స్. పేరు చూసి కాదు, మన కాగితాలు దాంట్లోంచి తిన్నగా వస్తాయా అన్నది చూసి కొనాలి.

ఫోన్‌కి మెసేజ్ ఎవరికి వెళ్తుంది?

డెమోల్లో పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న ఇది. మన ఇళ్లలో ‘నాన్నకి క్యాన్సర్ అని చెప్పకండి డాక్టర్ గారూ, గడ్డ అని చెప్పాం’ అనే కొడుకులు, కూతుళ్లు చాలామంది. ఇది మంచిదా కాదా అన్నది డాక్టర్, కుటుంబం, ముఖ్యంగా ఆ పెద్దాయన మాట్లాడుకోవాల్సిన విషయం. కానీ తేల్చేది ఓ ఎస్సెమ్మెస్ కాకూడదు కదా! ‘మీ కీమో సైకిల్-2 రేపు ఉదయం 9కి’ అని ఆయన ఫోన్ మోగితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టులు ఆలస్యం చేయకుండా పేషెంట్‌కి చూపాలన్న నిబంధన వచ్చాక, డాక్టర్ ఫోన్ చేయకముందే క్యాన్సర్ సంగతి ఫోన్లో చదివి తెలుసుకున్నవాళ్లున్నారు.

మెసేజ్‌లో ఏ మాటలుండాలి, ఏ నంబర్‌కి వెళ్లాలి, రిపోర్టు ఎప్పుడు కనిపించాలి.. ఇవి ఒక్కో పేషెంట్‌కి విడిగా, వారి ఇష్టం అడిగి పెట్టుకునేలా ఉండాలి. తెలుగులో పంపగలదా అన్నదీ చూడండి. ఇంట్లో వేసుకునే కీమో మాత్రలు, ఉదాహరణకు కేపసిటబైన్, సాధారణంగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఆ ‘ఆపాలి’ అన్న ముక్క అర్థమయ్యే భాషలో వెళ్లకపోతే ప్రమాదం.

సర్వర్ పడిపోయిన రోజు..

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. దాదాపు రెండు వారాలు ఓపీ నుంచి ల్యాబ్ దాకా చేతిరాతే. 2020 అక్టోబర్‌లో అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీ ఆస్పత్రిదీ అదే గతి. అక్కడ కీమో ప్లాన్లన్నీ కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. ఎవరికి ఏ మందు, ఎంత ఇవ్వాలో తెలియక పేషెంట్లను వెనక్కి పంపాల్సి వచ్చింది. కీమో రోజులు లెక్కపెట్టుకుని వచ్చిన మనిషిని వెనక్కి పంపడమంటే మాటలు కాదు.

మన దగ్గర సైబర్ దాడి దాకా ఎందుకు, కేబుల్ తెగినా చాలు. రాబోయే వారం రోజుల కీమో ఆర్డర్లు రోజూ సాయంత్రం ఆస్పత్రిలోనే, నెట్‌తో పనిలేని ఓ కంప్యూటర్‌లోకి కాపీ అయ్యే ఏర్పాటు ఉండాలి. ప్రింటర్ పక్కనే. బ్యాకప్ ఉందని చెబితే సరిపోదు. ఆ బ్యాకప్‌ని తిరిగి తెరిచి చూపించమనండి, ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి.

ఖర్చు, ఆ తర్వాత బయటపడే దారి

కొటేషన్‌లో కనిపించే లైసెన్స్ ధర మొత్తం ఖర్చులో ఒక ముక్క. పాత ఫైళ్లు ఎక్కించడం, ల్యాబ్ మెషీన్లతో కలపడం, ట్రైనింగ్, ఏటా కట్టే ఏఎంసీ, ఎస్సెమ్మెస్ చార్జీలు, స్టోరేజీ, చిన్న మార్పు అడిగిన ప్రతిసారీ బిల్లు.. ఇవన్నీ కలిపి ఐదేళ్లకు లెక్కేయించుకోండి. ఇద్దరు డాక్టర్లున్న చిన్న సెంటర్లు ఒంటరిగా బేరమాడితే గిట్టుబాటు కాదు. టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో దేశవ్యాప్తంగా వందల సెంటర్లున్నాయి. డిజిటల్ వ్యవహారాల కోసం అందులో కోయిటా సెంటర్ ఫర్ డిజిటల్ ఆంకాలజీ పనిచేస్తోంది. సంతకం పెట్టేముందు అక్కడ వాకబు చేయడం, అదే సాఫ్ట్‌వేర్ వాడుతున్న మరో సెంటర్‌కి వెళ్లి మేనేజర్‌ని కాకుండా నర్సులను అడగడం మంచిది.

పెళ్లి మాటల్లోనే విడాకుల మాట ఎత్తడం మనకి ఇబ్బందే కానీ, ఇక్కడ తప్పదు. ఐదేళ్ల తర్వాత కంపెనీ మూతపడొచ్చు, ఇంకొకరికి అమ్ముడుపోవచ్చు, ధర రెండింతలు చేయొచ్చు. అప్పుడు పేషెంట్ల డేటా మొత్తం, ప్రతి సైకిల్ డోసుతో సహా, వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఎన్ని రోజుల్లో ఇస్తారు? దానికి ఎంత తీసుకుంటారు? అంకెలతో సహా ఒప్పందంలో ఉండాలి. వీలైతే డెమో రోజునే ఓ నమూనా పేషెంట్ రికార్డును బయటికి తీయించి పెన్ డ్రైవ్‌లో అడగండి. వాళ్లిచ్చింది నాలుగు పేజీల పీడీఎఫ్ అయితే, మీ పేషెంట్ చేతిలో ఉన్న ఆ బట్టల షాపు కవరుకీ దానికీ పెద్ద తేడా లేదు.